నహర్ కట్ట మీద ఫ్రాన్స్ తొవ్వ

మెదక్ పట్టణంలో గాబ్రియేలు ఇల్లెక్కడ అని అడిగితే, ఏ గాబ్రియేలు అని ఎదురు అడుగుతారు. బడిలో గంట కొట్టే గాబ్రియేలు ఉన్నాడు, దవాఖానలో కాంపౌండరు గాబ్రియేలు ఉన్నాడు. ఫ్రాన్స్ గాబ్రియేలు అంటే మాత్రం చిన్నపిల్లలు సైతం చెయ్యి పట్టుకొని తీసుకుపోయి చర్చి దారిలో సైకిళ్ళు కిరాయికిచ్చే ఆయన సైకిల్ టాక్సీ దుకాణం ముందు నిలబెడతారు. ఆ మనిషి ఫ్రాన్స్ ఎన్నడూ పోలేదు. హైదరాబాద్ పోయినా సాయంత్రం బస్సుకే తిరిగివచ్చేవాడు. అయినా ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు.

ఆయన చేసిన పనులు ఒక్కటొక్కటిగా చెప్పుకోదగ్గవి. చదివింది పల్లె బడిలో, అదీ వానలు పడని రోజుల్లో. కానీ సైకిల్ చేతికి దొరికిందంటే దాన్ని పుల్లలతో సహా విప్పి, మళ్ళీ బిగించి, ఒక్క నట్టు మిగలకుండా నిలబెట్టేవాడు. కిరాయి సైకిళ్ళకు డైనమో దీపాలు పెట్టించింది మెదక్‌లో ఆయనే ముందు. నర్సమ్మల కోసం, టీచరమ్మల కోసం అడ్డగొట్టం లేని సైకిళ్ళు తెప్పించి, చీర కుచ్చిళ్ళు చిక్కుకోకుండా చైనుకు రేకు తొడుగులు చేయించాడు. ఆయన చేతి కింద సైకిల్ నేర్చుకున్న ఆడవాళ్ళు ఈనాడు రేగోడ్ నుంచి చేగుంట దాకా ఎక్కడ చూసినా ఉన్నారు.

అన్నిటికంటే పెద్ద ఘనత ఇంకొకటుంది. క్రిస్మస్ ముందు చర్చి మైదానంలో జరిగే ఆటల పోటీల్లో స్లో సైకిల్ రేసు ఉండేది. గీత నుంచి గీత దాకా అందరికంటే ఆలస్యంగా పోవాలి, కాలు నేలకు తగలకూడదు. మిగతావాళ్ళంతా గీత దాటేసి, పల్లీలు కొనుక్కొని, సగం తినేసి వచ్చినా గాబ్రియేలు ఇంకా నడుమనే ఉండేవాడు. ముందుచక్రం అటు ఇటు ఆడిస్తూ, బొమ్మలా నిలబడి, చూసేవాళ్ళతో ముచ్చట కూడా పెట్టేవాడు. ఏటా ఆయనే గెలవడంతో చివరికి పెద్దలు ఆలోచించి ఆయన్ని జడ్జిగా కూర్చోబెట్టారు. ఆ పోటీల్లో వచ్చిన స్టీలు గిన్నెలతోనే ఆయన భార్య దానమ్మ వంటింటి అర నిండింది.

ఇక ఫ్రాన్స్ సంగతి. దేశంలో కొత్త కొత్త మోటారు సైకిళ్ళు దిగుతున్న రోజులవి. పి.వి.గారి సర్కారు తలుపులు బార్లా తెరిచిందని పేపర్లు రాసేవి. ఆ తలుపుల్లోంచి వచ్చిన బండ్లన్నీ మెదక్ మీదుగానే పోతున్నాయా అన్నట్టు రోడ్డంతా హారన్లు. అలాంటి ఒక చలికాలం పొద్దున, చర్చి చూడ్డానికి వచ్చిన ఒక తెల్ల జంట పంచరైన సైకిల్‌ను నడిపించుకుంటూ దుకాణం ముందు ఆగింది. ఆమె పేరు మొనీక్. సంచులు వేలాడేసిన సైకిళ్ళ మీద ఫ్రాన్స్ నుంచి వచ్చి దేశమంతా తిరుగుతున్నారట. గాలి కొట్టించుకుంటున్న సుమన టీచర్ వాళ్ళ ఇంగ్లిషు విని తెలుగు చేసి చెప్పింది. అప్పుడే అక్కడ చాయ్ తాగుతున్న మల్లేశం కూడా చెవి అటు వేశాడు. మల్లేశం నహర్ మీద లష్కర్. మంజీర నీళ్ళను ఆ కాలువ వెంట పొలాలకు వదిలే ఉద్యోగం.

మొనీక్ సుద్దముక్క తీసుకొని దుకాణం గచ్చు మీద ఒక కాలువ గీసింది. కాలువ పక్కన చెట్లు, చెట్ల కింద సన్నటి తొవ్వ. ఆ తొవ్వ మీద ఒక కారు బొమ్మ వేసి దాన్ని అడ్డంగా కొట్టేసింది.

"ఆల్ల దేశంల కాలువ పొంటి సైకిల్లకే తొవ్వలుంటయట. మోటార్లను రానియ్యరట," అని సుమన టీచర్ చెప్పింది.

"ఎట్ల రానియ్యరు? పోలీసోల్లు కావలుంటరా?" అన్నాడు గాబ్రియేలు.

"లేదట. బోర్డు పెడుతరట. అందరు ఇంటరట."

"బోర్డు పెడితె ఇంటరా!" గాబ్రియేలుకు మోటార్లు లేని తొవ్వ కంటే ఆ మాటే వింతగా తోచింది.

"ఇంకోటి చెప్తున్నది. పాత రైలు పట్టాలు పీకేసి గూడ సైకిల్ తొవ్వలు చేసిండ్రట. ఊరూరు కలుపుకుంట పోవచ్చట. ఏడనన్న తొవ్వ దప్పితే చర్చి గోపురం చూస్కుంట పోతరట."

"మనకు పట్టాలే రాలె," అన్నాడు మల్లేశం చాయ్ గ్లాసు కింద పెట్టి. "ఆల్లకు వచ్చుడు, పీకుడు సుత అయిపాయెనా!"

గాబ్రియేలు నవ్వలేదు. ఆ సుద్ద బొమ్మ ముందు కూర్చొని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, "టీచరమ్మా, గసొంటి తొవ్వ మా దగ్గర గూడ ఉన్నదని చెప్పుండ్రి. పంచరు పైసలు వద్దు, నా ఎంట రమ్మనుండ్రి," అన్నాడు.

ఆ పూట వాళ్ళిద్దర్నీ నహర్ కట్ట మీదుగా ఘనపురం ఆనకట్ట దాకా తీసుకుపోయాడు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క నాట్లు వేసిన మళ్ళు, కొంగలు. ఒక మలుపులో వెనక్కి తిరిగి చూస్తే పొలాల మీదుగా చర్చి గోపురం కనిపించింది. మొనీక్ సైకిల్ ఆపి మొగుడితో ఏదో అంది. తెలుగు చేసి చెప్పడానికి అక్కడ సుమన టీచర్ లేదు. "అచ్చం మన తొవ్వ లెక్కనే ఉన్నది" అని అందని గాబ్రియేలు తనంతట తానే తేల్చుకున్నాడు. ఆ తేల్చుకున్నదాన్ని ఇక ఎవరూ కదిలించలేకపోయారు.

ఆ రోజు నుంచి అది ఫ్రాన్స్ తొవ్వ. ఏటా వానలు వెనకపట్టగానే గాబ్రియేలు గొడ్డలి, పార తీసుకొని బయలుదేరి కట్ట మీదికి వంగిన తుమ్మకొమ్మలు కొట్టేవాడు, గుంతల్లో మొరం నింపేవాడు. కట్ట తెగిన ఒకచోట రెండు తాటిమొద్దులు అడ్డం వేసి వంతెన చేశాడు. కట్ట మొదట్లో ఒక బోర్డు పాతాడు, సైకిళ్ళ తొవ్వ, మోటార్లు రావద్దు అని. వారం తిరక్కముందే ఎవరో ఒక లూనా మోపెడ్ తెచ్చి ఆ బోర్డుకే ఆనించి పోయారు.

"ఏం గాబ్రియేలన్నా, ఫ్రాన్స్‌ల వానలు పడ్డయా?" అని చాయ్ హోటల్లో అడిగేవారు.

"పడ్డయి. మీ ముచ్చట్ల కంటె జర మంచిగనే పడ్డయి," అని పోయేవాడు.

కూతురు ఆశా సైకిల్ నేర్చుకున్నదీ ఆ కట్ట మీదే. ఒకసారి నల్లరేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కొని చక్రం కదలకపోతే, గాబ్రియేలు మడ్‌గార్డులు పీకేసి తొక్కమన్నాడు. పిల్ల ఇంటికి వచ్చేసరికి తెల్ల స్కూలు చొక్కా వెనక నడుము నుంచి మెడ దాకా బురద గీత. దానమ్మ ఆ చొక్కాను మూడు ఉతుకులు ఉతికి, ఆ తర్వాత మొగుణ్ణి ఉతికింది.

కాలం గడిచింది. ఇంటింటికీ హీరో హోండాలు వచ్చాయి. కిరాయి సైకిల్ అడిగేవాడు లేడు. దుకాణం వెనక రేకుల షెడ్డులో సైకిళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడ్డాయి. పాత ఇనుముకు అమ్మేయమని దానమ్మ అనని రోజు లేదు. గాబ్రియేలు మాత్రం నెలకొకసారి అన్నిటికీ గాలి కొట్టి, చైన్లకు నూనె వేసి, ఒక్కొక్కదాన్నీ వీధి చివర దాకా తిప్పి తెచ్చేవాడు.

"గుర్రాలను తిప్పినట్టు తిప్పుతున్నవు. ఎవ్వల యుద్ధానికి?" అనేది ఆమె.

ఇలా ఉండగా ఆశాకు సంబంధం కుదిరింది. పిల్లగాడు ఫిలిప్, కొల్చారం అవతలి పల్లెలో ఉంటూ బడిపంతులు పని చేస్తున్నాడు. నెమ్మదైన మనిషి. వాళ్ళ నాయన సీమోను ఒకప్పుడు లారీ డ్రైవరు, ఇప్పుడు జీపులు, డీసీఎం వ్యాను కిరాయికి తిప్పుతున్నాడు. మాట గట్టిది, పొట్ట ఇంకా గట్టిది. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడే షెడ్డు వైపు చూసి నవ్వాడు.

"బావా, గివి గూడ బండ్లేనా?"

"బండ్లే బావా. డీజిల్ అడగని బండ్లు," అన్నాడు గాబ్రియేలు.

పెండ్లి ఆషాఢంలో పెట్టుకున్నారు. మెదక్ క్రైస్తవుల్లో అదొక తెలివి. ఆషాఢంలో హిందువులకు ముహూర్తాలుండవు కాబట్టి ఫంక్షన్ హాలు ఖాళీ, వంటవాళ్ళు ఖాళీ, చేగుంట బ్యాండువాళ్ళు ఖాళీ. ఎవరిని అడిగినా రెండు చేతులూ పట్టుకొని వస్తామంటారు. మూడు ఆదివారాలు చర్చిలో పెండ్లి ప్రకటన అయింది. తీరా పెండ్లి రెండు రోజులుందనగా, తెలంగాణ కోసం రెండు రోజుల బంద్ అని పిలుపు వచ్చింది. మొదటి రోజే ఆశా పెండ్లి.

మల్లేశం ఉద్యమంలో ముందుండే మనిషి. తల గోక్కుంటూ వచ్చాడు.

"ఏం జేద్దుమే గాబ్రియేలూ. ఆషాఢం గద, ఎవ్వల పెండ్లి చెడదనుకున్నం. మీరొక్కల్లున్నరని యాది లేకపాయె."

గాబ్రియేలు బంద్‌ను ఒక్క మాట అనలేదు. కిందటేడు ఉద్యమం కోసం మెదక్‌లో సైకిల్ ర్యాలీ తీసింది ఆయనే. జెండా కట్టిన సైకిల్ మీద అందరికంటే ముందు పోయిందీ ఆయనే. తను తొక్కిన ర్యాలీ తన బిడ్డ పెండ్లికి అడ్డం వస్తుందని మాత్రం అప్పుడు తోచలేదు.

పెండ్లి ముందునాడు సాయంత్రం సీమోను ఫోన్ చేశాడు. "బావా, రేపు కష్టం. రోడ్డు మీద చెట్లు కొట్టి అడ్డం ఏసిండ్రు. జీపులు కదిలితే గాలి తీస్తున్నరు. మోటార్ సైకిల్లను సుత వదుల్తలేరు. వారం దాటినంక సికింద్రాబాద్‌ల చేద్దం. మా తమ్ముని చర్చి ఉన్నది, హాలున్నది. మీరు పది మంది రాండ్రి, చాలు."

పది మంది. గాబ్రియేలు పెరటి వైపు చూశాడు. అక్కడ దానమ్మ, వాడకట్టు ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. గొర్రెలు కోతకు సిద్ధంగా ఉన్నాయి. చుట్టుపక్కల నాలుగు వీధులు రేపు ఇక్కడే తింటాయి. ఆశా గడపలో నిలబడి వింటోంది.

"నాయినా, సికింద్రాబాద్‌ల ఎవ్వలున్నరు మనకు?" అంది. "మల్లేశం మామ రాడు, నా దోస్తులు రారు. నేను గా చర్చిలనే పుట్టి పెరిగినట్టున్న. పెండ్లి సుత గాడనే కావాలె. ఏదన్న చెయ్యి."

గాబ్రియేలు ఫోన్ మళ్ళీ చెవికి పెట్టాడు. "బావా, పెండ్లి రేపే. పదకొండు గంటలకు మీ అందర్ని చర్చి మెట్ల కాడ దింపుత. తొక్కేటోల్లు తయారుగుండుండ్రి, సైకిల్లు నేను తెస్త. నహర్ కట్ట మీదికెల్లి పోదం. ఆ తొవ్వల మోటారే ఉండది."

ఫోన్లో సీమోను నవ్వు విని దానమ్మ కూడా ఉల్లిగడ్డ కత్తి ఆపింది. "ఫ్రాన్స్ తొవ్వనా?" అన్నాడు సీమోను. "నేను డ్రైవర్ను బావా, మోటారు లేని తొవ్వ ఈ దునియాల నేను చూడలె. నడుమల బండి అడ్డమొస్తె?"

గాబ్రియేలుకు రోషం వచ్చింది. అంతకాలంగా కొట్టిన తుమ్మకొమ్మలు, పోసిన మొరం, విన్న నవ్వులు అన్నీ గొంతులోకి వచ్చాయి. "కట్ట మీద మోటారు బండి అడ్డమొచ్చి నేను కాలు కింద పెట్టిన్నంటె, పెండ్లి మీరన్న సికింద్రాబాద్‌లనే. ఇగ నేను నోరిప్ప."

"మాట?"

"మాటనే."

ఫోన్ పెట్టేశాక దానమ్మ, "బిడ్డ పెండ్లి మీద పందెం కట్టినవా?" అని కత్తి పట్టుకునే లేచింది. గాబ్రియేలు షెడ్డులోకి పోయి తలుపు దగ్గరకు వేసుకున్నాడు.

రాత్రి వాన పడింది. తెల్లవారేసరికి జల్లు ఆగింది కానీ కట్ట మీది మట్టి ఎలా ఉంటుందో గాబ్రియేలుకు చూడకుండానే తెలుసు. సైకిళ్ళన్నిటికీ మడ్‌గార్డులు ఊడదీశాడు. దుకాణం పాత గిరాకీలంతా, నెత్తి నెరిసినవాళ్ళు, పిలవగానే వచ్చారు. టాక్సీ దుకాణం వాళ్ళు సైకిళ్ళు తరలించే పద్ధతి ఒకటుంది. ఒక సైకిల్ తొక్కుతూ, ఎడమచేత్తో ఇంకో సైకిల్ హ్యాండిల్ పట్టుకొని పక్కన నడిపించాలి. అలా జంటలు జంటలుగా, సవారీ లేని గుర్రాల్ని తోలుకుపోతున్నట్టు, ఆ దండు కట్టెక్కింది. మల్లేశం కూడా ఒక జంట పట్టుకున్నాడు. "బంద్‌ల సైకిల్లకు మినాయింపు ఉన్నదా?" అని ఎవరో అడిగితే, "నేనే ఇచ్చిన," అన్నాడు.

పల్లెలో పెండ్లివారు ముస్తాబై ఉన్నారు. ఫిలిప్ క్రీము రంగు సూటు వేసుకున్నాడు. ముసలివాళ్ళను ఇళ్ళ దగ్గర ఉంచి, తొక్కగలిగిన వాళ్ళంతా ఒక్కొక్క సైకిల్ పట్టుకున్నారు. సీమోను ఎన్నో ఏండ్ల తర్వాత సీటెక్కి, మొదట గోడకు, తర్వాత బర్రెకు తగిలి, మూడోసారికి నిలదొక్కుకున్నాడు. ఆయన భార్య యేసమ్మ పట్టుచీరతో వచ్చి వెనక క్యారియర్ మీద ఒక పక్కగా కూర్చుంది.

"ఏ, దిగు. మోస్తనా నిన్ను?" అన్నాడు సీమోను.

"పెండ్లైన కొత్తల మోసినవు గద, సినిమాకు. అప్పుడు బరువు లేకుంటినా?"

"అప్పుడు నాకు పొట్ట లేకుండె."

"గది నేను మోస్తున్ననా? నడువు!"

అందరూ నవ్వుతూ కట్టెక్కారు. మబ్బు పట్టిన ఆకాశం, చల్లటి గాలి, కాలువలో ఎర్రటి కొత్తనీరు. హారన్ లేదు, పొగ లేదు. చైన్ల గరగర, బెల్లులు, యేసమ్మ నవ్వు తప్ప ఇంకో చప్పుడు లేదు. తాటిమొద్దుల దగ్గర అందరూ దిగి సైకిళ్ళు భుజాన వేసుకొని దాటారు. సీమోను గాబ్రియేలు కాళ్ళ వైపు చూపిస్తే, "మోటారు అడ్డమొస్తె అన్న. తాటిమొద్దు మోటారా?" అని గాబ్రియేలు మళ్ళీ సీటెక్కాడు. సీమోను తల ఊపాడు. కాసేపటికి బెల్లు కొట్టుకుంటూ, "మంచిగనే ఉన్నది తొవ్వ," అని ఎవరికీ వినపడకుండా అన్నాడు. యేసమ్మకు వినపడింది.

మెదక్ ఇంకెంతో దూరం లేదు, గోపురం కూడా కనిపించింది. అప్పుడు మలుపు తిరిగారు. ఎదురుగా కట్ట నిండా అడ్డంగా ఒక ట్రాక్టరు.

ట్రాలీలో గుండిగలు, బియ్యం బస్తా, కట్టెలు, డప్పులు. పక్క పల్లె వాళ్ళు బంద్ కోసం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేయడానికి పోతున్నారు. పొలంలోంచి కట్టెక్కి, రేగడిలో దిగబడిపోయారు. ఒక పక్క కాలువ, ఒక పక్క తుమ్మచెట్ల ఏటవాలు. సైకిల్ కాదు, మేక కూడా దూరే సందు లేదు.

సీమోను దిగి నడుము మీద చేతులు వేసుకున్నాడు. ఆయన ముఖం దీపావళిలా వెలిగింది. "బావా, గిదేంది? ఎడ్లబండా?"

గాబ్రియేలు దిగలేదు. బ్రేకు నొక్కి, ముందుచక్రం పక్కకు తిప్పి, పెడళ్ళ మీద లేచి నిలబడ్డాడు. సైకిల్ ఆగింది, కాళ్ళు పైనే ఉన్నాయి. "కాలు కింద పెడితె అన్న బావా. చూడుండ్రి, పెట్టిన్నా?"

"ఎంతసేపుంటవట్ల?"

"చర్చి మైదానంల అడుగుండ్రి ఎంతసేపుంటనో."

ట్రాలీ మీది నుంచి ఒక ముసలావిడ దిగింది. పేరు ఐలవ్వ. వంటావార్పుకు పెద్ద ఆమే. "ఈనెందుకట్ల కొంగ లెక్క నిలవడ్డడు? కాలుకు దెబ్బ తాకిందా?"

"బిడ్డ పెండ్లి ఐలవ్వా," అన్నాడు మల్లేశం. "కాలు కింద పెడితె పెండ్లి సికింద్రాబాద్ పోతది. జల్ది ట్రాక్టర్ నూకాలె."

"ఓరి! మరి చెప్పవేంది? రాండ్రి, దిగుండ్రి అందరు!"

గాబ్రియేలు పెడళ్ళ మీదే నిలబడి పని నడిపించాడు. చక్రం ఇటు, చక్రం అటు, నోరు మాత్రం ఆగలేదు. "బరువు తియ్యుండ్రి ముందు! గుండిగలు సైకిల్ల మీదికి ఎక్కియ్యుండ్రి! ఏ మల్లేశం, తుమ్మకొమ్మలు కొట్టి టైరు కింద ఎయ్యి!" పెండ్లివాళ్ళ క్యారియర్ల మీదికి గుండిగలు, బస్తా, కట్టెలు ఎక్కాయి. ఫిలిప్ సూటు చేతులు మడిచి ట్రాక్టరు వెనక భుజం ఆనించాడు. మొదటి నూకుడుకు ట్రాక్టరు ఊగి కూర్చుంది. గాబ్రియేలు తొడలు వణకసాగాయి. ఇది మైదానం కాదు, ఆయన కుర్రవాడూ కాదు. ముందుచక్రం జారి కాలువ అంచుకు పోయింది, కుడికాలు పెడల్ వదిలి గాలిలోకి వచ్చింది. ఆయన పళ్ళు బిగించి, నడుము విరిచి, చక్రాన్ని లాగి మళ్ళీ మధ్యకు తెచ్చుకున్నాడు. కాలు పెడల్ మీదికి చేరింది.

"పెట్టలె!" అని అరిచింది యేసమ్మ. "నేను చూసిన, పెట్టలె!"

"నువ్వు ఎవ్వలి దిక్కు?" అన్నాడు సీమోను.

"పెండ్లి దిక్కు! నిలవడి చూస్తవేంది? లారీలు తీసినోనివి, ఒక ట్రాక్టరు ఎల్లదా నీతోని?"

సీమోను ఒక క్షణం అటు భార్యను, ఇటు పెడళ్ళ మీద చెమటలు కారుతూ ఊగుతున్న వియ్యంకుణ్ణి చూశాడు. తర్వాత కోటు తీసి ఆమె చేతిలో పెట్టి, ట్రాక్టరు డ్రైవర్ను, "దిగు పోరగా," అని దించి తను ఎక్కాడు. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు, మళ్ళీ వెనక్కి, తుమ్మకొమ్మల మీద చక్రం పట్టు చిక్కించుకునే దాకా ఊయలలా ఊపాడు. "ఇప్పుడు నూకుండ్రి!" అందరూ ఒక్కసారి నూకారు. ఇంజను గర్జించి, బురద చిమ్మి, ట్రాక్టరు గట్టినేల ఎక్కి పక్క పొలం బాటలోకి దిగింది. దారి తెరుచుకుంది. గుండిగలు మళ్ళీ ట్రాలీకెక్కించే తీరిక లేక, వాటిని సైకిళ్ళ మీదే ఉంచి ఐలవ్వ వాళ్ళు డప్పులతో వెనక బయలుదేరారు.

గాబ్రియేలు పెడల్ తొక్కి ముందుకు సాగాడు. నేలకు కాలు తగలకుండానే.

నహర్ మీదుగా రోడ్డు పోయే వంతెన దగ్గర బంద్ బిగువుగా ఉంది. అటు వైపు లారీలు, బస్సులు కనుచూపు మేర నిలిచిపోయాయి. రోడ్డు నడుమ రాళ్ళపొయ్యిలు. జెండాలు పట్టుకున్నవాళ్ళు చేతులడ్డం పెట్టబోయి, సూటు పిల్లగాడి క్యారియర్ మీద గుండిగ చూసి నోళ్ళు తెరిచారు.

"పోనియ్యుండ్రి, మనోల్లే! అన్నం తెచ్చిండ్రు మనకు!" అని వెనక నుంచి ఐలవ్వ కేకేసింది. "ఏ పెద్దమనిషీ, జర జై తెలంగాణ అనుండ్రి మరి!"

సీమోను రొప్పుతూ, "జై తెలంగాణ! తొవ్వ ఇడువుండ్రి!" అన్నాడు. గుండిగలు దింపి, పొయ్యిల మీదికి ఎక్కించి, సైకిళ్ళు మళ్ళీ కదిలాయి. చేగుంట బ్యాండు ఎలాగూ రాలేదు. డప్పులవాళ్ళు తమంతట తామే ముందు నడిచారు.

అక్కడి నుంచి చర్చి దాకా తారురోడ్డు. రోజూ హారన్లతో చెవులు పగిలే రోడ్డు. ఆ రోజు దాని మీద ఒక్క మోటారు లేదు. వాన కడిగిన నల్లటి రోడ్డు, రెండు పక్కలా మూసిన దుకాణాలు, అరుగుల మీద జనం, ఎదురుగా గోపురం. మొత్తం వెడల్పూ సైకిళ్ళదే. గాబ్రియేలుకు గచ్చు మీది సుద్దబొమ్మ గుర్తొచ్చింది. హ్యాండిల్ మీది నుంచి ఒక చెయ్యి తీసి, పక్కన తొక్కుతున్న వియ్యంకుడికి చూపించాడు.

"చూసినవా బావా? గిదీ ఫ్రాన్స్ అంటె."

"ఔ గని," అన్నాడు సీమోను, "ఆల్లకు గూడ బంద్ ఉంటదా రోజు?"

"లేదు. ఆల్లు బోర్డు పెడితె ఇంటరు."

గంట మోగుతుండగా మెట్ల దగ్గరికి చేరారు. ఫిలిప్ కోటు చేతులు దించుకొని, తల దువ్వుకొని, నేరుగా లోపలికి పోయి వేదిక ముందు నిలబడ్డాడు. ఇంటి నుంచి నేరుగా వచ్చిన ఆశా చెయ్యి పట్టుకొని గాబ్రియేలు నడుమ దారి వెంట నడిపించసాగాడు. పాట మొదలైంది. సగం దూరం పోయేసరికి బిడ్డ చెయ్యి వణుకుతున్నట్టు తోచింది. తల వంచి, ముసుగులో భుజాలు కదులుతున్నాయి.

"ఏడ్వకు బిడ్డా," అన్నాడు మెల్లగా. "ఇగో, అందరు ఈడనే ఉన్నరు."

"ఏడుస్తలేను నాయినా," అంది ఆశా, నవ్వు ఆపుకోలేక ఊపిరి పట్టి. "మల్ల మడ్‌గార్డులు పీకినవా?"

గాబ్రియేలు అప్పుడు చూశాడు. వేదిక ముందు నిలబడ్డ ఫిలిప్ క్రీము సూటు వెనక, నడుము నుంచి మెడ దాకా, రేగడి మట్టితో సాపుగా గీసిన నల్లటి గీత. మొదటి బెంచీలో సీమోను వీపు మీద, పక్కనే యేసమ్మ పట్టుచీర మీద ఇంకా వెడల్పాటి గీతలు. ఆ వెనక బెంచీల్లో మగపెండ్లివారందరి వీపుల మీదా గీతలే, యూనిఫారం కుట్టించుకున్నట్టు. అందరికీ ఎదురుగా నిలబడ్డ పాస్టరు అయ్యగారికి వీపులు కనపడవు కాబట్టి, గుడి మొత్తం ఎందుకు నవ్వుతోందో తెలియక కళ్ళజోడు సవరించుకుంటున్నారు.

"పీకకుంటె రాకపోతుండిరి బిడ్డా," అన్నాడు గాబ్రియేలు. ఆమె చేతిని ఫిలిప్ చేతిలో పెట్టి వేదికకు తల వంచాడు. అప్పుడు దానమ్మతో సహా అందరికీ ఆయన వీపు కూడా కనిపించింది.

భోజనాలకు నాలుగు వీధులూ వచ్చాయి. బంద్ పొయ్యిల దగ్గరి నుంచి ఐలవ్వ వాళ్ళు కూడా వచ్చారు, వస్తూ తమ గుండిగలోని అన్నం కొంత తెచ్చి బగారా పక్కన పెట్టారు. సాయంత్రం ఎండ కాసి కట్ట ఆరింది. పెండ్లికూతురిని పంపాలి, జీపు లేదు. ఆశా కుచ్చిళ్ళు దోపుకొని, తను చిన్నప్పుడు తొక్కిన అడ్డగొట్టం లేని సైకిల్‌ను షెడ్డులోంచి తనే తెచ్చుకుంది. గాబ్రియేలు దానికి మడ్‌గార్డు బిగించడానికి కూర్చున్నాడు. నట్టు తిప్పుతుంటే వెనక నీడ పడింది. సీమోను.

"బావా," అన్నాడు పొట్ట నిమురుకుంటూ, "నా దానికి గూడ బిగియ్యుండ్రి. పొయ్యేటప్పుడన్న జర మర్యాదగ పోదం."

"మల్ల రేపు సుత బంద్ ఉన్నది, జీపు కదలది బావా. సైకిల్ ఎట్ల వాపస్ తెస్తరు?"

"తేను," అన్నాడు సీమోను. "ఉండనియ్యుండ్రి నా కాడ. ఐతారం ఐతారం మీ చర్చికి వస్త, కట్ట మీదికెల్లి."

గాబ్రియేలు నట్టు ఇంకో చుట్టు గట్టిగా తిప్పి, తల ఎత్తకుండానే సీమోను సైకిల్ పక్కకు జరిగి, దాని మడ్‌గార్డు అందుకున్నాడు.